హాబీ ఎవరిది? నేరం ఎవరిది?

మద్యం గురించి ఈ రాష్ట్రంలో స్త్రీలు పోరాడినంతగా మరెవరూ పోరాడలేదు. తాగి వచ్చి కొట్టే భర్త, ఊరి మధ్యలో సారా దుకాణం, వేలంపాటలో దుకాణాలు దక్కించుకునే కాంట్రాక్టరు, ఆ వేలంపాటల ఆదాయం మీద నడిచే ప్రభుత్వం. ఈ నలుగురికీ మధ్య ఉన్న బంధాన్ని 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు నడివీధిలో నిలబెట్టి చూపించారు. ఆ పోరాటం కర్నూలు జిల్లాకీ పాకింది. మనలో చాలామంది రాజకీయాల ఓనమాలు దిద్దుకున్నది ఆ రోజుల్లోనే. అయితే, ఇన్నేళ్ళుగా మనం గీసుకుంటూ వచ్చిన ఆ చిత్రంలో ఒక స్త్రీ ఎక్కడా కనిపించదు. సారాను తన ఇంట్లో, తన చేతులతో తయారుచేసే స్త్రీ. ఆమె మన సభలకు రాలేదు, మనమూ ఆమెను పిలవలేదు. ఆమె పేరు పోలీసు రికార్డులో ఉంది కానీ ఉద్యమ చరిత్రలో లేదు.

ఇప్పుడు ఆమె సంగతి మాట్లాడటానికి ఒక కారణం ఉంది. ఇంట్లో మద్యం తయారుచేయడం ఈ మధ్య పట్టణాల్లో గౌరవప్రదమైన కాలక్షేపం అయింది. నంద్యాల నుంచి వెళ్ళి బెంగుళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న కుర్రాళ్ళలో కూడా కొందరికి ఈ సరదా పట్టుకుంది. బార్లీ మాల్టు, హాప్స్ పువ్వులు, ఈస్టు ప్యాకెట్లు తెప్పించుకుని ఇరవై లీటర్ల బకెట్లో బీరు పులియబెడతారు. ఆపిల్ రసంతో సైడర్ చేస్తారు. బీరు ఈస్టుకు ఇరవై డిగ్రీల చల్లదనం కావాలి కాబట్టి అందుకోసం విడిగా ఒక ఫ్రిజ్ కూడా కొంటారు. ఎన్ని రోజులకు పులిసింది, ఎంత ఘాటు వచ్చింది అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటారు. తయారైంది స్నేహితులకు రుచి చూపిస్తారు. వాళ్ళ శ్రద్ధను నేను తప్పుపట్టడం లేదు. ఏదైనా స్వయంగా చేసుకోవాలనే కోరిక మంచిదే.

కానీ చట్టం మాటేమిటి? లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఇక్కడా, కర్ణాటకలోనూ ఎక్సైజ్ చట్టాల కింద నేరమే. బకెట్లో ఉన్నది బీరా, డ్రమ్ములో ఉన్నది బెల్లపు ఊటా అని చట్టం అడగదు. అయినా అపార్టుమెంటు తలుపు తట్టి, బీరు బకెట్ పారబోసి, ఆ కుర్రాడిని ముఖానికి గుడ్డ కట్టి విలేకరుల ముందు నిలబెట్టారని మనం ఎప్పుడూ వినలేదు. అదే నల్లమల అంచున ఒక సుగాలి తండాలో అయితే తెల్లవారుజామున జీపులు వస్తాయి. ఊట డ్రమ్ములు దొర్లిస్తారు. వంటగిన్నెలు కూడా పగిలిపోతాయి. మరునాడు పేపర్లో జిల్లా పేజీలో రెండు లైన్లు: ఇన్ని వందల లీటర్ల బెల్లపు ఊట ధ్వంసం, ఇద్దరు మహిళల అరెస్టు. ఒకే పని. ఒకచోట అది హాబీ, ఇంకోచోట నేరం. మధ్యలో తేడా చట్టంలో లేదు. కులంలో ఉంది, వర్గంలో ఉంది, చేసేది మగవాడా ఆడదా అన్నదాంట్లో ఉంది.

ఈ నేరం ఎలా పుట్టిందో చూద్దాం. ఇంట్లో కాచుకోవడం, చెట్టు గీసుకోవడం ఒకప్పుడు వంటలాగే గ్రామ జీవితంలో భాగం. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. తయారీ ప్రభుత్వ అనుమతి ఉన్నవాడి చేతుల్లోకి, అమ్మకం వేలంపాట పాడినవాడి చేతుల్లోకి పోయాయి. వలస ప్రభుత్వానికి తాగుడు మీద ద్వేషం లేదు, సుంకం కట్టని తాగుడు మీదే ద్వేషం. ఆ కాలంలోనే సంచార జాతులనూ కొన్ని తెగలనూ పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేసే చట్టం వచ్చింది. ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలో అలాంటి వాళ్ళను ఉంచే సెటిల్‌మెంటు ఉండేది. ఆ చట్టాన్ని 1952లో రద్దు చేశారు. కానీ తండా అనగానే 'దొంగసారా' అని తలుచుకునే అలవాటు మాత్రం రద్దు కాలేదు.

మద్యనిషేధానికి ఈ నేలతో పాత సంబంధమే ఉంది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టి, 1938లో పక్కనున్న కడప, చిత్తూరు జిల్లాలకు తెచ్చింది. 1948కి అది మద్రాసు రాష్ట్రమంతటికీ వచ్చింది. కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం కూలిపోయింది మద్యనిషేధం, గీత కార్మికుల సమస్య మీదే. అంటే తాటిచెట్టు ఎక్కే మగవాడి ఉపాధి ఆనాడే శాసనసభలో చర్చకు వచ్చింది. బట్టీ దగ్గర కూర్చునే స్త్రీ ఉపాధి గురించి మాత్రం అంత చర్చ జరగలేదు.

1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరా పంచింది. దాని మీదే స్త్రీలు తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఇక్కడే మనం ఆగి గమనించాల్సిన విషయం ఒకటుంది. సడలించినప్పుడు కంపెనీ మద్యం చట్టం చేతిలోంచి జారుకుంది. సారా లోపలే ఉండిపోయింది. 1995 నాటి మద్యనిషేధ చట్టం ఇప్పటికీ రద్దు కాలేదు. నాటుసారా కేసులు ఈనాటికీ ఆ చట్టంలోని 7(ఎ), 8(ఇ) సెక్షన్ల కిందే పెడుతున్నారు. మనం రోడ్ల మీద కూర్చుని, లాఠీలు తిని సాధించుకున్న చట్టం పెద్ద కంపెనీల బాటిళ్ళను వదిలేసి తండా స్త్రీ కుండను పట్టుకుంది. దుకాణాలు మూయించడానికి తెచ్చుకున్న చట్టం ఇప్పుడు, దుకాణాలకు పోటీ లేకుండా చూసే చట్టంగా మారింది.

కేసు ఒక్కటే కాదు. తహశీల్దారు ముందు బైండోవర్ ఉంటుంది. ఇంకోసారి దొరికితే పూచీకత్తు సొమ్ము కట్టాలి. పదేపదే దొరికితే 1986 నాటి పీడీ చట్టం ఉంది. అది 'బూట్‌లెగర్' అని పేరు పెట్టి విచారణ లేకుండా పన్నెండు నెలల దాకా నిర్బంధించగలదు. 2020లో స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పెట్టారు, 2024లో దాన్ని రద్దు చేశారు. 2025లో 'నవోదయం 2.0' పేరుతో నాటుసారా నిర్మూలన కార్యక్రమం మొదలైంది. ప్రభుత్వాలు మారినా, దుకాణాలు ప్రైవేటు నుంచి ప్రభుత్వానికీ మళ్ళీ ప్రైవేటుకీ మారినా, తండా మీదికి వచ్చే జీపు మాత్రం మారలేదు.

ఈ స్త్రీకి ఏం తెలుసో ఒకసారి చూద్దాం. బెల్లం నీళ్ళలో తెల్లతుమ్మ చెక్క వేసి ఊట పెడుతుంది. ఎండాకాలంలో ఎన్ని రోజులు, చలికాలంలో ఎన్ని రోజులు అన్నది ఆమెకు లెక్క. బుసబుస పొంగడం ఆగిందంటే ఊట పండిందని చెవితోనే గుర్తుపడుతుంది. అప్పుడు బట్టీ పెట్టి, ఆవిరిని చల్లార్చి, చుక్క చుక్కగా దించుతుంది. పట్టణం కుర్రాడు థర్మామీటరుతో, ఫ్రిజ్‌తో చేసే పనిని నలభై డిగ్రీలు దాటే నంద్యాల ఎండలో ఆమె అనుభవంతో చేస్తుంది. పులియబెట్టడం మొదటినుంచీ వంటింటి విద్య, ఆడవాళ్ళ విద్య. మన ఇంట్లో దోసెల పిండీ, చద్దన్నమూ ఆ విద్యే.

ఇది మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులో 14వ శతాబ్దం మధ్యలో ప్లేగు వచ్చే దాకా ఏల్ కాచి అమ్మినవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. ఇంటికి కావలసినంత ఉంచుకుని, మిగిలింది ఇరుగుపొరుగులకు అమ్మేవాళ్ళు. తర్వాత హాప్స్ వేసిన బీరు వచ్చింది. అది ఎక్కువ కాలం నిలవ ఉంటుంది, దూరాలకు పంపవచ్చు. కాబట్టి పెద్ద పాత్రలు కావాలి, పెట్టుబడి కావాలి, లైసెన్సు కావాలి, సంఘ సభ్యత్వం కావాలి. ఇవేవీ ఆడవాళ్ళకు అందేవి కావు. 1600 నాటికి ఆ వృత్తి మగవాళ్ళదైపోయింది. చరిత్రకారిణి జుడిత్ బెన్నెట్ 1996లో వచ్చిన తన పుస్తకంలో ఈ క్రమాన్ని వివరంగా చూపించింది. స్త్రీలు చేసినంతకాలం ఇంటిపని, లాభం వచ్చేసరికి మగవాడి పరిశ్రమ. ఆ పరిశ్రమ బాగా స్థిరపడ్డాక ఇప్పుడు, మగవాడికి సెలవురోజు సరదా. అమెరికాలో 1978లో చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల బీరు, అంటే 750 లీటర్లకు పైగా, సొంతానికి కాచుకోవచ్చు. సుంకం లేదు, లైసెన్సు లేదు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళకూ ఆ హక్కు ఉంది.

దక్షిణాఫ్రికాలోని డర్బన్ కథ మనకు ఇంకా దగ్గరిది. అక్కడ నల్లజాతి స్త్రీలు జొన్నలతో బీరు కాచేవాళ్ళు. నంద్యాల జొన్న మనకు రొట్టెకు ఎలాగో వాళ్ళకు జొన్న బీరు అలాంటిది, అది సగం ఆహారమే. 1908 నాటి చట్టంతో నగరపాలక సంస్థ ఆ బీరు అమ్మకాన్ని తన గుత్తాధిపత్యం చేసుకుంది. స్త్రీలు ఇంట్లో కాచడం నేరమైంది. మునిసిపాలిటీ బీరు హాళ్ళ ఆదాయంతోనే ఆ నల్లజాతి ప్రజలను అదుపులో ఉంచే యంత్రాంగాన్ని నడిపారు. 1959 జూన్‌లో కాటో మానర్ స్త్రీలు ఆ బీరు హాళ్ళ మీద దాడిచేశారు. మొగుళ్ళ జీతాలు ఆ హాళ్ళలో కరిగిపోతున్నాయి, తమ కుండలేమో పగిలిపోతున్నాయి. రెండు కోపాలూ కలిసే వాళ్ళు లేచారు. దూబగుంటలో మొదటి కోపమే మనకు వినిపించింది. రెండో కోపం ఉన్నవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. వాళ్ళది మనం వినలేదు.

మీలో చాలామంది ఈ పాటికి ఒక ప్రశ్న అడుగుతారు. సారా విషం కాదా? చావులు కావడం లేదా? అడగాల్సిన ప్రశ్నే. యూరియా, నవసాగరం లాంటివి కలిపిన సారా ఒంటిని గుల్ల చేస్తుంది. దాన్ని నేను సమర్థించను. కానీ పెద్ద ఎత్తున జరిగిన చావులను చూడండి. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయింది పారిశ్రామిక మిథనాల్ కలిపిన సరుకు తాగి. అది ఇంటి బట్టీలో పుట్టింది కాదు, వ్యాపారులు సరఫరా చేసిన రసాయనం. 2020లో కరోనా కాలంలో మన ప్రకాశం జిల్లా కురిచేడులో పది మందికి పైగా చనిపోయింది శానిటైజర్ తాగి. విషం ఎక్కడినుంచి వస్తోంది, ఎవరు అమ్ముతున్నారు, ఎవరు కళ్ళు మూసుకుంటున్నారు అన్నది వదిలేసి తండా కుండ మీద విరుచుకుపడితే చావులు ఆగవు.

ఇంకో ప్రశ్న ఇంకా కష్టమైంది. నాటుసారా తాగినవాడు భార్యను కొట్టడా? కొడతాడు. సారా కాచే స్త్రీకి కూడా తాగి కొట్టే మొగుడే ఉన్నాడు. నేను పరిశోధన పని మీద తిరిగిన ఆళ్ళగడ్డ వైపు తండాల్లో ఒకామె, యాభై దాటి ఉంటుంది, ఈ మాట చాలా సూటిగా చెప్పింది: "మేము కాస్తే దొంగసారా, అంగట్లో అమ్మితే గవర్మెంటు సారా. తాగి పడేటోడు మాత్రం ఒగడే మేడం. నన్ను కొట్టేది వాడే, కేసయితే స్టేషనుకు పోయేది నేనే." మగవాళ్ళు కూలికి వలసపోతారు, లేదా జీపు చప్పుడు వినగానే అడవిలోకి పరిగెత్తుతారు. ఇంట్లో పొయ్యి దగ్గర ఉండేది ఆమె కాబట్టి దొరికేది ఆమె. బెల్లానికి పెట్టుబడి పెట్టే షావుకారు దొరకడు. సరుకు మోటారుసైకిలు మీద ఊళ్ళకు చేరవేసేవాడు తరచుగా దొరకడు. ఇది మన పాత కథే. లాభం ఒకరిది, శిక్ష ఆమెది. ఆమెను వదిలేసి స్త్రీల మీద హింస గురించి మనం మాట్లాడలేం.

సంప్రదాయ వృత్తిని గుర్తించడం ప్రభుత్వానికి చేతకాని పనేమీ కాదు. కల్లుగీతకు సొసైటీలున్నాయి, లైసెన్సులున్నాయి. 2024 అక్టోబరులో 3,396 ప్రైవేటు మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. ఆ తర్వాత గీత కులాలకు పది శాతం దుకాణాలు కేటాయించారు. తరతరాలుగా ఆ పని చేసినవాళ్ళకు వాటా ఉండాలన్న సూత్రం న్యాయమైనదే. మరి అదే సూత్రం తండా స్త్రీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుంది? చెట్టు ఎక్కడం మగవాడి పని, బట్టీ పెట్టడం ఆడదాని పని. మొదటిదానికి లైసెన్సు, రెండోదానికి బైండోవర్. మధ్యప్రదేశ్‌లో ఇప్పపూల సారాను 'హెరిటేజ్ లిక్కర్' అని పేరు పెట్టి ఆదివాసీ స్వయంసహాయక బృందాల చేత తయారు చేయిస్తున్నారు. నేను దాన్ని యథాతథంగా ఇక్కడికి తెమ్మనడం లేదు. లైసెన్సు వచ్చిన చోటికి డబ్బున్నవాడు వెనకాలే వస్తాడని ఇంగ్లండు అనుభవమే చెబుతోంది. కానీ ఒక రాష్ట్రంలో వారసత్వమైంది పక్క రాష్ట్రంలో నేరం కావడం గురించి ఆలోచించమంటున్నాను.

నల్లమల చెంచుల విషయంలో ఈ అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం ఇప్పపువ్వు ఏరుకోవడం వాళ్ళ హక్కు. ఆ పువ్వును పులియబెట్టి కాచుకోవడం మాత్రం నేరం. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ పంచాయతీలకూ ఇచ్చింది. కృష్ణకు అవతల తెలంగాణలోని అమ్రాబాద్ వైపు చెంచు గూడేలు షెడ్యూల్డు ప్రాంతంలో ఉన్నాయి. ఇవతల నంద్యాల జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. ఒకే అడవి, ఒకే తెగ, నది దాటితే హక్కు మారిపోతుంది. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడని, చెంచులు దేవుడికి అత్తింటివారని చెప్పుకుంటాం. పార్వేట ఉత్సవంలో స్వామి ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతాడు. దేవుడి అత్తింటివారికి పండుగలో దక్కే గౌరవం చట్టంలో దక్కడం లేదు.

మరి మనం ఏం కోరాలి? సారాను సమర్థించమని నేను అడగడం లేదు. బట్టీ పెట్టి అమ్మే సారాకూ, ఇంటికోసం పులియబెట్టుకునే దానికీ తేడా ఉంది. ఈ రెంటినీ చట్టం విడదీయాలి. పట్టణం బీరు బకెట్‌కు చట్టం మౌనంగా ఇస్తున్న మినహాయింపును తండాకూ గూడేనికీ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంటి వాడకానికి, పండుగకు, ఒక పరిమితిలో, బట్టీ పెట్టకుండా పులియబెట్టుకున్న పానీయం నేరం కాకూడదు. అమ్మకానికి కాచే స్త్రీ మీద పీడీ చట్టం ప్రయోగించడం ఆపాలి. పెట్టుబడి పెట్టినవాడినీ రసాయనాలు సరఫరా చేసినవాడినీ మొదటి ముద్దాయిని చేయాలి. దాడికి వచ్చినప్పుడు మహిళా సిబ్బంది ఉండాలి, వంటసామాను పగలగొట్టకూడదు. పునరావాసం అంటూ ఇచ్చేది ఏదైనా, గొర్రెలైనా, కుట్టుమిషనైనా, బ్యాంకు రుణమైనా ఆమె పేరున ఇవ్వాలి, కేసు ఎత్తేసి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఊళ్ళో ఏ మద్యం అమ్మాలి, ఏది అమ్మకూడదు అన్నది ఆ ఊరి స్త్రీల సభ తేల్చాలి. నాటుసారాకే కాదు, 99 రూపాయల క్వార్టర్ అమ్మే లైసెన్సు దుకాణానికి కూడా ఆ తీర్పు వర్తించాలి. దూబగుంట స్త్రీలు అడిగిన అధికారం ఇదే. అది మనకు ఇంతవరకు దక్కలేదు.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న మిత్రులకు ఒక మాట. నాటుసారా నిర్మూలన కార్యక్రమాల్లో మనల్ని కూడా భాగస్వాములను చేస్తున్నారు. చైతన్య సదస్సులకు, ప్రతిజ్ఞలు చేయించడానికి పిలుస్తున్నారు. వెళ్ళేముందు రెండు ప్రశ్నలు అడగండి. ఈ మండలంలో ఎంతమంది స్త్రీల మీద సారా కేసులున్నాయి? వాళ్ళలో ఎంతమందికి వకీలు ఉన్నాడు? మహిళా సంఘాల నుంచి, పొదుపు సంఘాల నుంచి వాళ్ళను దూరంగా పెట్టి ఉంటే ముందు లోపలికి పిలవండి. ఉచిత న్యాయసహాయం వాళ్ళకు చట్టబద్ధమైన హక్కు. ఆ సంగతి వాళ్ళకు చెప్పేవాళ్ళు కావాలి. మద్యం మీద మన పోరాటం ఆపాల్సిన అవసరం లేదు. అయితే ఆ పోరాటంలో కుండ పగిలిన స్త్రీ కూడా మన పక్కన కూర్చోవాలి. ఆమె లేకుండా రాసుకునే తీర్మానం ఎక్సైజ్ శాఖకు పనికొస్తుందేమో కానీ స్త్రీలకు పనికిరాదు.